గుల్లల కోరం

మొదటి రోజు

సభ తెప్ప కింది పాత పీపాలు ఇవాళ తీసేశాం. పన్నెండు. ఒక్కోదాన్నీ నలుగురు పట్టాల్సి వచ్చింది. నీళ్ళ మీద ఈ ఊరు కట్టిన నాడు వేసినవి, ముప్పై నాలుగేళ్ళు. మధ్యలో ఎవరూ పైకి తీసి చూడలేదు. నాచు, దాని మీద గుల్లలు, గుల్లల మీద గుల్లలు. అసలు పీపా ఏ రంగుదో ఎవరూ చెప్పలేకపోయారు.

కొత్తవి అచ్చు యంత్రం పోసింది. సముద్రంలో తేలే పాత ప్లాస్టిక్కు సంచులు, సీసాలు దాని నోట్లో వేస్తే పీపాలు ఇస్తుంది. పోయిన ఏడాది ఉత్తరం తెప్పల ఊరినుంచి తెచ్చుకున్నాం. పీపాలు నున్నగా ఉన్నాయి. తేలిక.

తెప్ప మునుపటికంటే నాలుగు వేళ్ళు ఎత్తున తేలింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆడవాళ్ళు గుల్లలు గీకి కూర వండారు. నేనూ తిన్నాను. ఉప్పెక్కువైంది.

నా పని గీత చూడడం. తెప్ప పక్క చెక్క మీద ఎర్ర గీత ఉంటుంది. నేను నా పుట్టి పడవలో కూర్చుని దాన్నే చూస్తుంటాను. జనం ఎక్కేకొద్దీ తెప్ప దిగుతుంది. నీళ్ళు గీతని తాకితే "కోరం" అంటాను. అప్పుడు సభ మొదలు. ముప్పై ఒక్క ఏళ్ళలో సభలో నేను అన్నది ఆ ఒక్క మాటే. నాకది చాలు. నలుగురు చూస్తుంటే నాకు నోరు పెగలదు.

గీతకి కొత్త రంగు వేశాను. చోటు మార్చలేదు. మార్చే అధికారం నాకు లేదు.

నాలుగో రోజు

అమావాస్య. గొలుసులు కొలిచే రోజు.

నీళ్ళ కింద పాత ఊరి ఓవర్‌హెడ్ ట్యాంకు ఉంది. దాని స్తంభాలకి మన ఊరిని నాలుగు గొలుసులతో కట్టారు. నేను ఒక్కొక్క గొలుసూ పైకి అందినంత లాగి, లంకెల చుట్టూ దారం చుట్టి కొలుస్తాను. మూడు బాగున్నాయి. తోక వరస గొలుసులో ఏడో లంకె బాగులేదు. పోయిన ఏడాది బొటనవేలంత ఉండేది. ఇప్పుడు చిటికెన వేలంత కూడా లేదు. గోరుతో గీకితే పొడి రాలింది.

అది తెగితే ఊరి చివరున్న తోక వరస సముద్రంలోకి కొట్టుకుపోతుంది. ఆ వరసలో పదకొండు ఇళ్ళు. చిట్టచివరిది మా వదిన తవిటమ్మది. అన్నయ్య పోయాక ఒక్కతే ఉంటుంది.

సామాన్ల కొట్టులో కొత్త గొలుసు ఒకటే ఉంది. ఊరుమ్మడిది. దాన్ని తియ్యాలంటే సభ తీర్మానం ఉండాలి. తుఫాన్ల రోజులు ఇంకో పక్షంలో మొదలవుతాయి. కార్యదర్శి సన్యాసిరావుకి చెప్పాను. ఎల్లుండికి సభ పెట్టించాడు.

ఆరో రోజు

ఎప్పటిలాగే యాభై మంది వచ్చారు. ఎప్పటిలాగే తెప్ప దిగింది. గీత దాకా రాలేదు. ఇంకా నాలుగు వేళ్ళ ఎడం ఉంది.

నేను ఊరుకున్నాను.

"ఏటి మావా, నిద్రోనావా? సెప్పు మరి," అన్నాడు సన్యాసిరావు.

చెయ్యి ఊపాను, లేదని.

"ఏటి నేదు?"

గీత చూపించాను. నాలుగు వేళ్ళు చూపించాను.

"నిన్నటి దాకా ఈ జనమే సరిపోనారు కదా!"

"కొత్త పీపాలు కదేటి. తేలవా మరి?" అంది నీలమ్మ, వెనకనుంచి.

"అయితే గీత మార్చీండి."

"గీత మార్చాలంటే తీర్మానం గావాల," అన్నాడు సన్యాసిరావు.

"సెయ్యండి తీర్మానం."

"కోరం నేదు కదా!"

అందరూ నా వైపు చూశారు. సముద్రం నేనే తాగేసినట్టు. నేను గీత వైపే చూస్తూ కూర్చున్నాను. కాసేపటికి గొణుక్కుంటూ దిగిపోయారు. వాళ్ళు దిగేకొద్దీ తెప్ప ఇంకా పైకి లేచింది.

తీర్మానం లేకుండానే గొలుసు ఇమ్మని సన్యాసిరావుని అడిగాను. నాకది పెద్ద ప్రసంగం.

"ఇవాళ నీకిచ్చీస్తే రేపు ఇంకోడు తాడంటాడు, ఎల్లుండి ఇంకోడు తెరచాపంటాడు. కొట్టు నాది కాదు మావా."

అతను అన్నదీ తప్పు కాదు. అదే నాకు చిరాకు.

ఏడో రోజు

హైమావతి టీచరు వచ్చింది. పిల్లల కోసం మాటల పుస్తకం రాస్తోంది.

"కోరం ఇంగ్లీషు మాట, బాబాయ్. ఓటు వెయ్యడానికి ముందు సభలో కనీసం ఇంతమంది ఉండాలి అని. పాత పుస్తకంలో అంతే ఉంది. మన ఊళ్ళో ఎలా వాడతారో నువ్వు చెప్పు. ఆ మాట నీదే కదా."

చెప్పడానికి సిగ్గేసి రాసిస్తానన్నాను. కూర్చుని రాశాను.

అన్నం దగ్గర "కోరం అయిందా" అంటే ఇంటిల్లిపాదీ వచ్చి కూర్చున్నారా అని. వల లాగేటప్పుడు "కోరం నేదు, ఆగండి" అంటే చేతులు చాలవని. ముందు పళ్ళు ఊడినవాణ్ణి "నోట్లో కోరం నేదు" అని ఏడిపిస్తారు. ఇంట్లో మిగతావాళ్ళని అడక్కుండా మొగుడు ఒక్కడే ఏదైనా చేస్తే "కోరం నేని పని" అని పెళ్ళాం తిడుతుంది. శవాన్ని పడవలోకి ఎత్తడానికి నలుగురు దొరికితే అదీ కోరమే.

నా భార్య చనిపోయిన ఏడాది నేను రోజూ రెండు కంచాలు పెట్టేవాణ్ణి. కోరం కోసం. ఇది రాసి కొట్టేశాను. పిల్లల పుస్తకం కదా.

రాసింది మళ్ళీ చదువుకున్నాను. అందరూ ఉన్నారని చెప్పడానికంటే ఎవరో లేరని చెప్పడానికే ఆ మాట ఎక్కువ వాడుతున్నాం.

మా వదిన ఆ మాట అసలు వాడదు. పదకొండేళ్ళయింది.

తొమ్మిదో రోజు

టీచరు అందరి ముందూ లెక్క తేల్చింది. తేల్చకుండా ఉంటే బాగుండేది.

ఊరు కట్టినవాళ్ళు గీత ఎందుకు పెట్టారో మాకందరికీ మొదట్లోనే చెప్పారు. ఒడ్డున ఉన్న కాలంలో ఓట్లు యంత్రాలు లెక్కపెట్టేవట. చచ్చినవాళ్ళ ఓట్లు కూడా పడేవట. అందుకని నీళ్ళ మీదికి వచ్చాక బరువు పెట్టుకున్నారు. చచ్చినవాడు తెప్పని ముంచలేడు కదా. ఎనభై మంది పెద్దవాళ్ళ బరువుకి గీత గీశారు. అప్పుడు ఊళ్ళో నూట ఇరవై మంది. పీపాలు శుభ్రంగా ఉండేవి.

"తర్వాత గుల్లలు పట్టాయి," అంది టీచరు. "ఏటేటా కొంచెం. డెబ్భై మంది వచ్చినా గీత తడిసింది. తర్వాత అరవై. తర్వాత యాభై. తక్కినవాళ్ళు రావడం మానేశారు. రాకపోయినా సభ నడుస్తోంది కదా అని."

"అంటే మిగతా ముప్పై మంది?" అన్నాడు సన్యాసిరావు.

"గుల్లలు."

"గుల్లలు ఓటేసినాయంటావేటి?"

"ఓటు వెయ్యలేదు. హాజరు వేయించుకున్నాయి."

సన్యాసిరావు లేచి నిలబడ్డాడు. "అయితే ఇన్నేళ్ళ తీర్మానాలు? నీటి వంతులు? నన్ను కార్యదర్శిని సేసింది?"

"అదీ."

"మొన్న కూరలో మనం తిన్నది సభ్యుల్నే అన్నమాట," అంది నీలమ్మ. అందరూ పడి పడి నవ్వారు.

నేను నవ్వలేదు. పదకొండేళ్ళ కిందటి సభ గుర్తొచ్చింది. నడి వరసలో పిల్లలున్నవాళ్ళకి చోటు కావాలని, ఒంటిగా ఉన్న తవిటమ్మ ఇంటిని విప్పి తోకకి కట్టాలని ఆరోజు తీర్మానం చేశారు. వదిన ఎక్కడో వల బాగుచేసుకుంటోంది. ఆమెని ఎవరూ పిలవలేదు. ఆరోజు తెప్ప మీద ఎంతమంది ఉన్నారో నేను లెక్కపెట్టలేదు. గీత తడిసింది. కోరం అన్నాను.

పదో రోజు

వదిన దగ్గరికి వెళ్ళాను. ఆవిడ ఉప్పు నీళ్ళ గుడ్డ పిండుతోంది. సముద్రపు నీళ్ళలోని ఉప్పు ఆ గుడ్డకే పట్టుకుంటుంది, దిగిన నీళ్ళు తాగడానికి పనికొస్తాయి. రెండో అంచు నేను పట్టుకున్నాను. ఇద్దరం కలిసి పిండాం. అప్పుడు చెప్పాను. గుల్లల సంగతి. గొలుసు సంగతి.

గుడ్డని ఇంకోసారి మెలిపెట్టింది.

"అంటే నన్ను తోకకి తోలింది గుల్లలేనేటి, మరిదీ?"

"నేనే," అన్నాను. "మాటన్నది నేను."

"నీకు తెలీదు కదా."

"లెక్కపెట్టి ఉండాల్సింది."

గుడ్డ దులిపి ఆరేసింది. "నాకు తోకంటే కోపం నేదు దానయ్యా. ఇక్కడ గాలి బాగుంటాది. అడిగుంటే నానే ఎల్లుందును. అడగనేదు. అదే."

గొలుసు తెగేలోగా నడి వరసలో మా ఇంటికి రమ్మన్నాను. రానంది. మిగతా పది ఇళ్ళూ ఉండగా తనొక్కతే ఎందుకొస్తానంది.

పన్నెండో రోజు

రేడియోలో చెప్పారు. వాయుగుండం. మూడు నాలుగు రోజుల్లో వస్తుందట.

ఊళ్ళో పెద్దవాళ్ళు ఎనభై మూడు మంది. అందులో ఒకాయన మంచం దిగలేడు. వదిన తెప్ప ఎక్కదు, ఆ తీర్మానం నాటినుంచీ ఎక్కలేదు. నేను పుట్టిలో ఉండాలి. మిగిలింది ఎనభై. ఒక్కరు తగ్గకూడదు.

రెండు రోజులనుంచి ఇంటింటికీ తిరుగుతున్నాను. ఒకామె పొయ్యి మీద కుండ ఉందంది. సభ ఎల్లుండి, కుండ ఇవాళ్టిది. ఒకాయన "నానొక్కణ్ణి రాకపోతే ఏటయిపోద్ది?" అన్నాడు. అదే మాట ఏడు ఇళ్ళలో విన్నాను. ఎనిమిదో ఇంట్లో నాకే ఏడుపొచ్చింది.

నాకు మాటలు రావు. గుమ్మంలో కూర్చుంటాను, అంతే. ఇంటివాళ్ళు కాసేపు చూస్తారు, టీ ఇస్తారు, మళ్ళీ చూస్తారు. చివరికి "వొస్తాం, ఎల్లవయ్యా బాబూ" అంటారు. అలా డెబ్భై ఎనిమిది మంది అయ్యారు.

మిగిలింది అప్పన్న, వాడి బావమరిది పైడిరాజు. అప్పన్న బాతు పైడిరాజు తెప్ప మీద గుడ్లు పెట్టింది. పైడిరాజు వండుకు తిన్నాడు. ఆరేళ్ళ కిందట.

"ఆడున్న తెప్ప మీద నాను కాలెట్టను," అన్నాడు అప్పన్న.

కూర్చున్నాను. టీ ఇచ్చాడు. తాగాను. మధ్యాహ్నమయింది. వాడి భార్య అన్నం పెట్టింది. తిన్నాను. మళ్ళీ గుమ్మంలో కూర్చున్నాను.

"ఏటయ్యా, ఇక్కడే కాపరం ఎట్టీసినావేటి?"

"తోక వరసలో నీ కూతురు ఉంది," అన్నాను.

వాడికి ఆ సంగతి తెలియక కాదు. తల వంచుకుని కాలి గోళ్ళు చూసుకున్నాడు. "ఆణ్ణి ఆ మూల నిలబెట్టండి. నాను ఈ మూల నిలబడతాను."

పైడిరాజు అంత కష్టపెట్టలేదు. బాతు గుడ్లు బాగున్నాయని మాత్రం రెండుసార్లు అన్నాడు.

పద్నాలుగో రోజు

పొద్దున్నే సభ. తూర్పున ఆకాశం సీసం రంగులో ఉంది.

ఎనభై మందీ వచ్చారు. ఇంతమందిని ఒక్కచోట నేను ఇరవై ఏళ్ళలో చూడలేదు. అప్పన్న ఒక మూల, పైడిరాజు ఎదుటి మూల. వదిన కూడా తన పుట్టి వేసుకుని వచ్చింది. నా పక్కనే ఆపుకుంది. తెప్ప ఎక్కలేదు.

తెప్ప దిగింది. దిగి ఆగింది. గీతకీ నీటికీ మధ్య బియ్యపు గింజ మందం.

చెయ్యి ఊపాను.

ఒక్కసారిగా గోల. "లెక్క సరిపోనాది కదా!" "మళ్ళీ సూడు!" "ఈయనకి సూపు ఆనదు!" టీచరు వంగి చూసి చెప్పింది. గీత గీసినవాళ్ళు ఒడ్డు బియ్యం తిని పెరిగినవాళ్ళు, మనం నాచు రొట్టెల మీద బతుకుతున్నాం, మనిషికి ఇంత చొప్పున తగ్గామంది.

"రాళ్ళెక్కించండి," అన్నారెవరో.

"రాళ్ళకి ఓటు నేదు," అన్నాడు సన్యాసిరావు.

"గుల్లలకుందేటి?"

"అయితే నీళ్ళు తాగండి! కడుపులోది మనిషిదే కదా!"

సన్యాసిరావు ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు. "తాగిన నీళ్ళు లెక్కే. మోసిన నీళ్ళు లెక్క కాదు," అని తేల్చాడు. తాగే నీళ్ళ కుండలు వచ్చాయి. గడగడా తాగారు. పైడిరాజు ఒక్కడే రెండు చెంబులు తాగి తేన్చాడు. ఊరి రెండు రోజుల నీళ్ళు అయిపోయాయి. బియ్యపు గింజ నూకయింది. నూక అలాగే ఉంది.

గాలి మొదలైంది. తోక వరస గొలుసు కిర్రుమన్నది అందరికీ వినిపించింది.

"తవిటత్తా, నువ్వెక్కు. నీ కాళ్ళట్టుకుంటాం," అన్నాడు అప్పన్న.

"నానెక్కను."

"నీ ఇల్లే పోద్ది కదే!"

"నానెక్కినా తడవదురా. నా ఒంట్లో ఏటుంది, ఎముకలు తప్ప? ఈయన్ని సూడండి." నా వైపు చెయ్యి చూపించింది. "రోజూ ఎవురింట్లోనో టీ, ఎవురింట్లోనో అన్నం. బలిసినాడు. ఈయన్ని ఎక్కించండి."

"మావ గీత సూడాల కదా."

"నాను సూస్తాను. నాకు కళ్ళు నేవా? దానయ్యే సూడాలని ఎక్కడ రాసుంది?"

సన్యాసిరావు కాగితాలు తిరగేశాడు. ఎక్కడా రాసి లేదు.

ముప్పై ఒక్క ఏళ్ళలో ఆ తెప్ప మీద కాలు పెట్టలేదు. అందరూ నన్నే చూస్తున్నారు. పుట్టి అంచు పట్టుకుని లేచాను. నీలమ్మ చెయ్యిచ్చింది. ఎక్కాను. మధ్యలో చోటిచ్చారు.

వదిన తన పుట్టిలోంచి వంగింది. తీరిగ్గా చూసింది. ఒకసారి ఇటు, ఒకసారి అటు. ఎవరూ కదలడం లేదు. పదకొండేళ్ళు ఆగినావిడ, ఇంకాస్త ఆపింది.

"తడిసినాది," అంది.

"మాట అనాలి వదినా," అన్నాను.

నన్ను చూసింది. "కోరం," అంది. ఊరంతా వినపడేలా.

గొలుసు తీర్మానానికి చేతులు లేచాయి. నేనూ ఎత్తాను. ముందు ఏ చెయ్యి ఎత్తాలో తెలియక రెండూ ఎత్తాను. టీచరు ఒకటి దించింది. తీర్మానం అయింది. నేను దిగబోయాను.

"మావా, కదలకు!" అని అరిచాడు సన్యాసిరావు. "నువ్వు దిగితే కోరం పోద్ది. ఇంకా పన్లున్నాయి."

సంచిలోంచి కట్ట తీశాడు. ఆగిపోయిన తీర్మానాలు పదకొండు. అవి కాక, గుల్లల నాటివన్నీ మధ్య మధ్యలో ఒక్కొక్కటే చదివి మళ్ళీ చేతులెత్తించాలట. ఇలాంటి రోజు మళ్ళీ దొరకదట.

"గొలుసు ముందు వెయ్యొద్దా?" అంది టీచరు.

"ఏసేవోళ్ళు దిగితే కోరం పోద్ది కదమ్మా. అన్నీ అయినాక ఏస్తారు."

చదివాడు. నీటి వంతులు. చేతులు. యంత్రం దగ్గర వరస. చేతులు. అప్పన్న బాతు సంగతి వచ్చింది. అక్కడ అరగంట. ఎవరి తెప్ప మీద పెడితే గుడ్డు ఎవరిది అని ఇద్దరూ రెండు మూలలనుంచీ అరుచుకున్నారు. మధ్యలో నేను. అల వచ్చి మా పాదాలు తడిపింది. గొలుసు మళ్ళీ కిర్రుమంది. సన్యాసిరావు గొంతు పెంచి చదువుతున్నాడు.

తర్వాతి కాగితం ఏదో నాకు కనిపిస్తోంది. తవిటమ్మ ఇంటి మార్పు. అది వచ్చేదాకా ఆగితే చెయ్యి ఎత్తకుండా ఉండొచ్చు. ఆ తప్పు సరిచెయ్యొచ్చు. నాకు ఆ ఒక్కటే కావాలి. వదిన వైపు చూశాను.

ఆవిడకి అర్థమైంది. "నాది తరవాత," అంది. "గొలుసు."

తెప్ప అంచుదాకా నడిచాను. నా పుట్టిలోకి దిగాను.

తెప్ప కొంచెం లేచింది. వదిన వంగి చూసింది.

"కోరం పోనాది!" అని అరిచింది. "సభ అయిపోనాది! నడండి!"

సన్యాసిరావు చేతిలోని కట్ట ఊపాడు. అప్పటికే జనం దూకుతున్నారు. మొదట దూకింది అప్పన్న, వాడి వెనకే పైడిరాజు. కొట్టు తెరిచారు. గొలుసు ఆ చివర ఒకడు, ఈ చివర ఒకడు పట్టుకున్నారు. మాట్లాడుకోలేదు. బరువు మాత్రం చెరిసగం మోశారు.

పదహారో రోజు

తుఫాను నిన్నంతా కొట్టింది. రెండు ఇళ్ళ కప్పులు పోయాయి. గొలుసులు నాలుగూ ఆగాయి.

పాత గొలుసు పైకి లాగాం. ఏడో లంకె లాగుతుండగానే తెగింది. టీచరు ఆ ముక్క బడికి పట్టుకుపోయింది.

మధ్యాహ్నం వదిన చేపల పులుసు తెచ్చింది. రెండు కంచాలు పెట్టాను. ఆవిడ కూర్చుని కొంగుతో చేతులు తుడుచుకుంది.

"కోరం అయిందేటి?" అంది.

అయిందన్నాను.

తింటుండగా సన్యాసిరావు వచ్చాడు. కట్ట చంకలో ఉంది. "మావా, ఇంకా తొమ్మిదున్నాయి. గుల్లల నాటివి నూట నలభై. అత్తని గీతకి పెడతాం. మంగళవారం నువ్వొచ్చి ఎక్కి నిలబడితే సాలు. సాయంత్రం దాకా."

"అత్త ఇంటి సంగతి మొదట చదువుతావా?" అన్నాను.

"వరసలో వొస్తాది."

"అది మొదట చదివితే దానికి వస్తాను. అదయ్యాక దిగిపోతాను."

"మరి మిగతాయి ఏటి సెయ్యాలి?"

పులుసు కలుపుకున్నాను. నా జన్మలో ఎన్నడూ ఈ పక్షంలో మాట్లాడినంత మాట్లాడలేదు. ఇంక ఓపిక లేదు.

"గుల్లలు పెరగనీ," అన్నాను.